ఆగస్టు 29న ఒకే బడిలో రెండు దినోత్సవాలు: కలిపి జరపాలా, విడివిడిగా జరపాలా?

ప్రశ్న: తెలుగు ఉపాధ్యాయిని, పార్వతీపురం మన్యం జిల్లా

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఏటా ఆగస్టు నెలాఖరుకు నాకు ఎదురయ్యే ఒక చిక్కును మీ ముందు పెడుతున్నాను. మీ మీ బడుల్లో దీనిని ఎలా చక్కబెట్టుకుంటున్నారో చెబితే నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి జయంతి. ఆ రోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాము. హాకీ క్రీడాకారుడు మేజర్ ధ్యాన్‌చంద్ జయంతి కూడా అదే రోజు కాబట్టి అది జాతీయ క్రీడా దినోత్సవం కూడా అయింది. రెండూ జరపాలని, ఫొటోలు తీసి సాయంత్రంలోగా పంపాలని మాకు చెబుతారు. పాఠాలు దెబ్బతినకూడదు కాబట్టి ఉదయం ప్రార్థన సమావేశంలోనే, నలభై నిమిషాల్లో, రెండూ ముగించవలసి వస్తోంది.

నిరుడు ఏం జరిగిందో చెబుతాను. ఒకే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి రెండు పటాలు పక్కపక్కన పెట్టాము. తెప్పించిన బంతిపూల దండ ఒక్కటే కావడంతో దానిని మధ్యకు తుంచి రెండు పటాలకూ వేశాము. నేను ఐదు నిమిషాలు భాష గురించి, మా వ్యాయామ ఉపాధ్యాయులు ఐదు నిమిషాలు ఆటల గురించి మాట్లాడాము. మిగిలిన సమయమంతా ప్రతిజ్ఞలకు, ఫొటోలకు సరిపోయింది. వారం తర్వాత పరీక్షలో గిడుగు వారి గురించి నాలుగు వాక్యాలు రాయమని అడిగితే, ఏడో తరగతి విద్యార్థి ఒకడు "గిడుగు రామమూర్తి గారు తెలుగు కోసం హాకీ కర్ర పట్టి పోరాడారు" అని రాశాడు. ఆ జవాబు పత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ పిల్లవాడు సవర కుటుంబం నుంచి వచ్చినవాడు. వాళ్ల అవ్వ మాట్లాడే భాషకు నిఘంటువు కూర్చిన మనిషి గురించి, ఆయన పుట్టినరోజు నాడే, ఆ పిల్లవాడికి మేము ఏమీ చెప్పలేకపోయామని నాకు అప్పుడు అర్థమైంది. తప్పు పిల్లవాడిది కాదు.

ఈసారి అలా జరగకూడదని నిశ్చయించుకున్నాను. రెండింటినీ వేరుచేసి వేరు వేరు రోజుల్లో జరపడం సబబేనా, లేక రెండింటికీ పిల్లలకు నిజాయతీగా చెప్పదగిన సంబంధం ఏదైనా ఉన్నదా? మా సాంఘిక శాస్త్రం మాస్టారు అదే తేదీన అణుపరీక్షల వ్యతిరేక దినం కూడా ఉన్నదని అంటున్నారు. దానిని కూడా చేర్చాలా?

జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. గిడుగు వారు 1863లో, ధ్యాన్‌చంద్ 1905లో పుట్టారు. నలభై రెండేళ్ల ఎడంలో ఇద్దరు మహనీయులు ఒకే తేదీన పుట్టడం కేవలం యాదృచ్ఛికం. లేని చుట్టరికాన్ని కలిపి పిల్లలకు చెబితే మీ విద్యార్థి రాసినటువంటి వాక్యాలే పుడతాయి. అందువల్ల ఆ రెండింటినీ ఒకే ఉపన్యాసంలో కలపవద్దని నా సలహా.

ఇక రోజు మార్చుకోవచ్చా అన్న సంగతి. తప్పకుండా మార్చుకోవచ్చు. 2014లో వినాయక చవితి సరిగ్గా ఆగస్టు 29న వచ్చింది. ఆ రోజు బడికి సెలవు కాబట్టి కార్యక్రమాన్ని ముందుకో వెనక్కో జరుపుకోవలసిందే కదా. మన పండుగలు తిథిని బట్టి, ఈ జయంతులు ఇంగ్లీషు తేదీని బట్టి నడుస్తున్నంత కాలం ఇటువంటి సర్దుబాట్లు తప్పవు, వాటిలో అపచారమూ లేదు.

మీ ప్రాంతంలో ఉన్న బడికి గిడుగు వారి కథ వేరే ఎవరికంటే ఎక్కువగా చెందుతుందన్న సంగతి మాత్రం మరువకండి. ఆయన పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేట. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి, చుట్టుపక్కల కొండల్లోని సవరలతో మాట్లాడాలన్న కోరికతో, ఆ భాషలో ఒక్క పాఠ్యపుస్తకం కూడా లేని కాలంలో, మనుషుల నోటి నుంచి విని విని దానిని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు. సవర భాషకు వ్యాకరణాన్ని 1931లోనూ, నిఘంటువును 1938లోనూ వెలువరించారు. అంటే నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. మన్యంలో తిరిగి తిరిగి చలిజ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైను మూలంగా వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. మాటలను చెవితో విని నేర్చిన పండితుడికి చెవులే పోవడం ఎంతటి కష్టమో పెద్దగా వివరించకుండానే పిల్లలు గ్రహించగలరు. నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం ఈ ఒక్క సంగతినే చెప్పేవాణ్ణి. తరగతి నిశ్శబ్దమైపోయేది.

వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన వాదం ఉన్నత తరగతులకు చెప్పండి. మనం మాట్లాడని భాషలో పిల్లల చేత పరీక్షలు రాయించడం వారి చదువుకు అడ్డుగోడ అని ఆయన అన్నారు. మద్రాసు ప్రభుత్వం మొదట కొంత ఒప్పుకుని, పండితుల ఒత్తిడికి వెనక్కి తగ్గినా ఆయన తగ్గలేదు. 1919లో "తెలుగు" అన్న పేరుతోనే పత్రిక పెట్టి, ప్రాచీన కావ్యాల్లోనూ శాసనాల్లోనూ ఉన్న ప్రయోగాలను ఎత్తి చూపుతూ గ్రాంథికవాదులకు వారి ఆయుధంతోనే సమాధానం చెప్పారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు, అంతకాలం బతికిన ఊరిని విడిచి మా రాజమహేంద్రవరం వచ్చేశారు. ఇంత జీవితాన్ని ఐదు నిమిషాల్లో చెప్పమంటే ఎవరివల్లా కాదు. ఆయనకు ఒక పూట ఇవ్వండి.

జవాబు: వ్యాయామ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

మేడమ్ గారికి, పెద్దలు మాస్టారికి నమస్కారం. మాస్టారు చెప్పినదానితో చాలా వరకు ఏకీభవిస్తూనే, ఆటల వైపు నుంచి నాలుగు మాటలు రాస్తున్నాను. సాధారణంగా ఇటువంటి చర్చల్లో మా పీరియడే ముందు పోతుంది కాబట్టి ఈ బాధ్యత నాకు ఉన్నదని భావిస్తున్నాను.

క్రీడా దినోత్సవాన్ని ప్రార్థన సమావేశంలో ఉపన్యాసంతో జరపడమే మొదటి పొరపాటు. ధ్యాన్‌చంద్ 1928లో ఆమ్‌స్టర్‌డాంలో, 1932లో లాస్ ఏంజిలిస్‌లో, 1936లో బెర్లిన్‌లో మూడు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన జట్లలో ఆడారని, బెర్లిన్‌లో ఆయనే నాయకుడని, ఆఖరి పోటీలో మన జట్టు జర్మనీని 8-1తో ఓడించిందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ ఆఖరి పోటీ వాన వల్ల ఒక రోజు వెనక్కి జరిగి 1936 ఆగస్టు 15న జరిగింది. తేదీల మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఉంటే, ఆ తేదీ పదకొండేళ్ల తర్వాత మనకు ఏమైందో వాళ్లే చెబుతారు. ఆ రెండు నిమిషాల తర్వాత పిల్లలు మైదానంలో ఉండాలి. సున్నంతో గీతలు గీసి, ఎండ ముదరకముందే బాలబాలికలందరికీ ఏదో ఒక ఆటలో చోటు దొరికేలా చూడాలి. బాగా ఆడే పన్నెండు మందిని ఆడించి, మూడు వందల మందిని చుట్టూ కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించడాన్ని నేను క్రీడా దినోత్సవం అని అనలేను.

మా బడిలో ఒక సంవత్సరం వేరే విధంగా చేశాము. చిన్న తరగతుల పిల్లలకు కబడ్డీ పెట్టాము. ఆట అయిపోయిన తర్వాత, ఇంకా ఒళ్లంతా దుమ్ముతో ఉండగానే, ఆటలో తమకు గుర్తున్న ఒక్క ఘట్టాన్ని తమ మాటల్లో కాగితం మీద రాయమన్నాము. పరీక్షలో నాలుగు వాక్యాలకు తడబడే ఆరో తరగతి అమ్మాయి ఒకతె పేజీన్నర రాసింది. కూతకు వెళ్లినప్పుడు ఊపిరి ఎక్కడ ఆగిందో, గీతకు జానెడు దూరంలో కాలు ఎవరికి దొరికిందో, పడిపోయి కూడా చేయి ఎలా చాపిందో అంతా ఉంది అందులో. మా తెలుగు మాస్టారు ఆ కాగితాన్ని గోడ పత్రికకు అంటించారు. రెండు దినోత్సవాలకూ సంబంధం కల్పించాలన్న ఉద్దేశంతో మేము ఆ పని చేయలేదు. రాయడానికి పిల్లల దగ్గర సొంత విషయం ఉంటే భాష దానంతట అదే వస్తుందని అనిపించి చేశాము.

మరొక సంగతి. మన ఉత్తరాంధ్రకు ఇద్దరు రామమూర్తులు ఉన్నారు. ఒకరు గిడుగు వారు, మరొకరు వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని, ఇనుప గొలుసులు తెంచి దేశమంతా పేరు తెచ్చుకున్న మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి గారిది ఆమదాలవలస దగ్గరి ఊరు. మీ పిల్లలకు ధ్యాన్‌చంద్ గారి కంటే వీరిద్దరూ దగ్గరివారు. ఆగస్టు 29న వీరి పేర్లు కూడా తలచుకోవడంలో తప్పు లేదు. 2016లో అదే తేదీన రాష్ట్రపతి భవన్‌లో పి.వి. సింధు ఖేల్‌రత్న అందుకోవడం మా పిల్లలకు ఇప్పటికీ ఇష్టమైన కథ.

జవాబు: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం

మూడవ దినం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. పైన పెద్దలు చెప్పిన యాదృచ్ఛికం గిడుగు, ధ్యాన్‌చంద్ జయంతులకు వర్తిస్తుంది కానీ, అణుపరీక్షల వ్యతిరేక దినానికి వర్తించదు. ఆ తేదీ కావాలని ఎంచుకున్నది.

సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును 1949 ఆగస్టు 29న కజకిస్తాన్ గడ్డిమైదానాల్లోని సెమిపలాటిన్‌స్క్ దగ్గర పేల్చింది. ఆ తర్వాత నలభై ఏళ్లలో అక్కడ 456 పరీక్షలు జరిగాయి. చుట్టుపక్కల పల్లెల్లోని తరాల ప్రజలు ఆ ధూళి కింద బతికారు. 1989 ఫిబ్రవరిలో ఓల్జాస్ సులేమెనోవ్ అనే కవి టెలివిజన్‌లో తన కవితలు చదవవలసి ఉండగా, వాటిని పక్కన పెట్టి, ఆ పరీక్షలను ఆపాలని అడుగుతూ ప్రజలను కూడగట్టే ప్రకటన చదివాడు. అక్కడి నుంచి పెద్ద ఉద్యమం పుట్టింది. చివరకు 1991లో, సరిగ్గా మొదటి బాంబు పేలిన ఆగస్టు 29నే, ఆ పరీక్షా కేంద్రాన్ని మూసివేస్తూ ఉత్తర్వు వెలువడింది. గాయం తగిలిన తేదీనే గాయం మాన్పే తేదీగా ఎంచుకున్నారన్నమాట. ఆ తరువాత కజకిస్తాన్ చొరవతోనే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2009 డిసెంబరు 2న తీర్మానం చేసి, ఆగస్టు 29ని అణుపరీక్షల వ్యతిరేక అంతర్జాతీయ దినంగా ప్రకటించింది.

ఒకే తేదీ మీద అనేక దినాలు ఎందుకు పడతాయన్నది పిల్లలకు నేర్పదగిన పాఠమే. అక్టోబరు 2నే చూడండి. గాంధీజీ, లాల్ బహదూర్ శాస్త్రి ఇద్దరూ ఆ తేదీన పుట్టడం యాదృచ్ఛికం. అదే తేదీని అంతర్జాతీయ అహింసా దినంగా ఐక్యరాజ్యసమితి 2007లో ప్రకటించడం మాత్రం గాంధీజీ కోసమే. ఒక తేదీ బోర్డు మీద రాసి, "ఇందులో ఏది తనంతట తాను వచ్చి పడింది, ఏది ఎవరో కావాలని తెచ్చి పెట్టారు?" అని అడిగితే ఎనిమిదో తరగతి పిల్లలు చాలా బాగా వాదిస్తారని నా అనుభవం.

అయితే ఒక హెచ్చరిక. ఈ దినాన్ని ఎత్తుకుంటే, మన దేశం 1998లో పోఖ్రాన్‌లో జరిపిన పరీక్షల జ్ఞాపకంగా మే 11ని జాతీయ సాంకేతిక దినోత్సవంగా జరుపుకుంటున్నదన్న సంగతిని కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి. రెండు దినాలూ రెండు వేర్వేరు వైపుల నుంచి చూస్తాయి. దానిని చర్చించడానికి ఒక పూర్తి పీరియడు కావాలి కాబట్టి, ప్రార్థన సమావేశంలో చేర్చవద్దని, ఆ వారంలో సాంఘిక శాస్త్రం తరగతికి వదిలివేయమని నా అభ్యర్థన.

జవాబు: భాషా పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

శ్రీకాకుళం మాస్టారు చెప్పిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అయితే ఒక చిన్న సవరణ అవసరం. పిల్లలు తమ యాసలో రాసిన కాగితాన్ని గిడుగు వారి ఆశయమని చెబితే అది పూర్తిగా సరికాదు. ఆయన వాదించింది శిష్ట వ్యావహారికం కోసం, అంటే చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాషను రాతలోకి తేవడం కోసం. ఊరూరి పలుకుబడికి, యాసకు రాతలో గౌరవం ఉండాలన్న మాట గట్టిగా వినిపించినవారిలో కాళోజీ నారాయణరావు గారు ముఖ్యులు. అందుకే తెలంగాణలో ఆయన జయంతి అయిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. కాళోజీ 1914లో పుట్టారు, గిడుగు వారు 1940లో కన్నుమూశారు. ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు ఇంకొక మెట్టు ఎక్కించారని నేను అనుకుంటాను. రెండు రాష్ట్రాలకు రెండు తేదీలు ఉండడాన్ని తగవుగా చూడవలసిన పని లేదు. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 9 దాకా పన్నెండు రోజులు భాష గురించి మాట్లాడుకోవడానికి మంచి అవకాశం అది.

మీరు ఆటల మాటలు సేకరిస్తే నాకు కూడా పంపండి. మీరు గూటీబిళ్ళ అనే ఆటను మా నాయనమ్మ చిర్రగోనె అనేది. కొన్ని జిల్లాల్లో బిళ్ళంగోడు అంటారు. కర్ర అదే, ముక్క అదే, ఆడే తీరు అదే.

జవాబు: వారాంతపు తెలుగు బడి స్వచ్ఛంద ఉపాధ్యాయిని, అమెరికా

మాకు తరగతులు వారానికి ఒక్క రోజే ఉంటాయి. ఆగస్టు చివర వేసవి సెలవులు కాబట్టి భాషా దినోత్సవాన్ని సెప్టెంబరులో మొదటి తరగతి రోజున జరుపుతాము. తేదీ తప్పినందువల్ల పిల్లలకు ఏ లోటూ జరగలేదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు గిడుగు వారి సవర కథ చెప్పినప్పుడు, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉండడం ఎలా ఉంటుందో వారికి సొంత అనుభవం కాబట్టి వెంటనే అందుకుంటారు. మీ సవర పిల్లలకు, మా పిల్లలకు ఆ విషయంలో చాలా దగ్గరితనం ఉన్నదని ఈ చర్చ చదివాక అనిపించింది.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ జవాబులను అచ్చు తీసి మా ప్రధానోపాధ్యాయుల ముందు పెట్టాను. ఆయన ఓపికగా చదివి, కొన్ని మార్పులకు ఒప్పుకున్నారు. ఇరవై తొమ్మిదో తేదీ ఉదయం మొదటి రెండు పీరియడ్లు మైదానానికి ఇచ్చాము. పటం, దండ, ఉపన్యాసం అన్నీ కలిపి పది నిమిషాలే. ఆ తర్వాత అందరూ ఆటకు వెళతారు. కబడ్డీతో పాటు గూటీబిళ్ళ కూడా పెట్టమని మా వ్యాయామ ఉపాధ్యాయులను అడిగితే ఆయన సంతోషంగా సరేనన్నారు, బిళ్ళ కళ్లకు తగలకుండా ఎంత దూరంలో నిలబడాలో ఆయనే గీత గీస్తానన్నారు. గిడుగు వారికి మరుసటి రోజు మధ్యాహ్నం పూట మొత్తం కేటాయించాము. అణుపరీక్షల దినం సాంఘిక శాస్త్రం మాస్టారి తరగతిలోనే జరుగుతుంది. సులేమెనోవ్ సంగతి మాత్రం నా తెలుగు తరగతిలో కూడా చెప్పడానికి ఆయన అనుమతి అడిగాను.

హైదరాబాద్ అమ్మాయి చేసిన సవరణను అర్థం చేసుకున్నాను. శిష్ట వ్యావహారికమని, యాస అని రెండింటినీ వేరు చేసి చెబుతాను.

నిరుడు హాకీ కర్ర వాక్యం రాసిన పిల్లవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతికి వచ్చాడు. నిన్న అతనిని పిలిచి, మీ ఇంట్లో ఆడుకునే ఆటలకు సవరలో ఏమంటారో అవ్వను అడిగి రాసుకురాగలవా అని అడిగాను. కొంతసేపు నేల వైపు చూసి, "తెలుగు అక్షరాల్లో రాయొచ్చా మేడమ్?" అన్నాడు. రాయవచ్చునని చెప్పాను. ఈ ఉదయం లెక్కల నోటుపుస్తకం చివరి పేజీ చింపి, అందులో పదకొండు మాటలు రాసి తెచ్చాడు. వాటిలో రెండింటిని ఎలా పలకాలో నాకు చేతకాక, అతని చేతనే నాలుగైదుసార్లు చెప్పించుకున్నాను. సవర తెలిసినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆ పదకొండు మాటలను టైపు చేసి రేపు పెడతాను, అక్షరాలు సరిగా పడ్డాయో లేదో దయచేసి చూసి చెప్పగలరు.